ఎంగిలి కాని గొట్టం

ఇప్పుడు నేను మెట్లెక్కుతూ మాట్లాడగలుగుతున్నాను. చాలామందికి ఇది చెప్పుకోదగ్గ సంగతి కాదు. మెట్ల దగ్గరికి రాగానే మాట ఆపేసి, పైకి వెళ్ళి, దగ్గు తీరాక మిగతా వాక్యం పూర్తి చేసే బతుకు నాలుగు నెలలు బతికినదాన్ని కాబట్టి నాకు మాత్రం పండగే. ఆ సంబరం తగ్గకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను. రాయమన్నది మా డాక్టరమ్మ. నాలాగే భయపడుతూ వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారట, వాళ్ళకు చూపిస్తుందట.

నా పేరు సరిత. రాయికల్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. ఉండేది కోరుట్లలో. మా ఆయన శ్రీనివాస్‌కు అక్కడ విత్తనాల దుకాణం ఉంది. నా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. నాన్న ముప్పై ఏళ్ళు సాంచాల మీద బట్ట నేసి, చివరి రెండేళ్ళు దగ్గుతూనే వెళ్ళిపోయాడు. ఏ పరీక్షకూ రానన్నాడు. ఆ మాట అమ్మ మనసులో ముల్లులా ఉండిపోయిందని నాకు దగ్గు వచ్చేదాకా తెలియలేదు.

నవంబరు, డిసెంబరు

మొదట పోయింది కబడ్డీ కూత. చిన్నప్పుడు సిరిసిల్లలో నా కూతకు పేరుండేది. ఒకే ఊపిరితో అవతలి గీత దాకా వెళ్ళి, ఇద్దరిని తాకి తిరిగొచ్చినా ఇంకా కొంచెం మిగిలేది. నలభై నాలుగేళ్ళ వయసులోనూ పిల్లలకు నేర్పేటప్పుడు ముందు నేనే కూతకు వెళ్ళి చూపించేదాన్ని. ఆ సాయంత్రం గీత దాటి నాలుగడుగులు వేశానో లేదో, దగ్గు వచ్చి కూత తెగిపోయింది. మేడం అవుట్ అయిందని పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. మరునాడు మూడడుగులకే తెగింది. వారం గడిచేసరికి చప్పట్లు ఆగిపోయాయి.

ఒకరోజు విజిల్ ఊదబోయి ఊదలేక వంగిపోతే, జట్టు నాయకురాలు మౌనిక నా చేతిలోంచి విజిల్ అందుకోబోయి మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. నా విజిల్ ఇంకెవరూ నోట్లో పెట్టకూడదని అందరికీ తెలుసు. ఎంగిలి విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఎవరి నీళ్ళ సీసా వాళ్ళదే అని, ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు కొరకొద్దని పిల్లల వెంట పడేదాన్ని. ఇంట్లోనూ అంతే. మా ఆయన నా గ్లాసులో నీళ్ళు తాగితే ఆ గ్లాసు సింకులోకి వెళ్ళాల్సిందే. ఈ పట్టింపే తర్వాత నన్ను తిప్పలు పెట్టింది.

డిసెంబరంతా మందులతోనే గడిచింది. సుద్దముక్క పొడి అన్నారు. మైదానం దుమ్ము అన్నారు. మా దుకాణంలోని పురుగుమందు వాసన అన్నారు. మందు వేసుకున్నన్ని రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ వచ్చేది. పడుకుంటే కుడి పక్క ఛాతీలో ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు వినిపించేది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. రవికెలు వదులయ్యాయి.

స్టాఫ్ రూంలో నాతో కలిసి తినే ఇద్దరు టీచర్లు తమ డబ్బాలు బల్లకు ఆ చివరికి జరుపుకున్నారు. అన్నేళ్ళు అందరినీ దూరం పెట్టింది నేనే కాబట్టి వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయినా ఆ రోజు నా డబ్బా మూత తీయలేదు.

సంగతి తెలిసి అమ్మ సిరిసిల్ల నుంచి మిరియాలు, శొంఠి, తులసాకులు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. మూడు పూటలా కషాయం పెట్టింది. నాలుగో రోజు నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని, నా ముఖం చూడకుండా అంది.

"మీ నాయినకు గూడ గిట్లనె కాసి పోసిన బిడ్డా. కషాయాలు పోసుకుంట రెండేండ్లు గడిపిన. నిన్ను గట్ల గడపనియ్య. దవాఖానకు పోదాం పా."

జనవరి

కోరుట్లలో తీసిన ఎక్స్‌రేలో కుడివైపు కింద ఒక మబ్బు కనిపించింది. జగిత్యాల వెళ్ళమన్నారు. అక్కడ ఊపిరితిత్తులు చూసే ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది. జనవరి నెల మొత్తం నాకు ఆ ఆసుపత్రి వరండానే. పొడవాటి రెండు బల్లలు, మధ్యలో నీళ్ళ క్యాను, గోడకు ఆగిపోయిన గడియారం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు, సాంచాల మీద పనిచేసేవాళ్ళు, పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్న రైతులు, అందరిదీ ఒకటే పాట. ఒకరికి దగ్గు మొదలైతే పక్కవాళ్ళకూ తగులుకునేది. చివరికి అందరం దగ్గి దగ్గి ఒకరి ముఖాలొకరం చూసుకుని నవ్వేవాళ్ళం.

మొదటిరోజే నాకు దగ్గు తెర వచ్చి ఊపిరి ఆడనప్పుడు, పక్కన కూర్చున్న ముసలామె ఎవరో ఏమిటో అడగకుండా నా వెన్ను రాసింది. తగ్గాక తన సీసాలోని గోరువెచ్చని నీళ్ళు మూతలో పోసి అందించింది. అది ఆమె రోజూ తాగే సీసా. క్షణం తటపటాయించాను. ఆమె అది గమనించి, "నేను ఎత్తి పోసుకుంట తాగుత బిడ్డా" అంది. సిగ్గుపడి తాగాను.

స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ నన్నూ మా ఆయననూ కూర్చోబెట్టి చెప్పింది. జగిత్యాల అమ్మాయే, నాకంటే చిన్నది. కుడి ఊపిరితిత్తికి గాలి వెళ్ళే దారిలో ఏదో అడ్డం ఉందని, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోట్లోంచి లోపలికి పంపి చూడాలని, నొప్పి తెలియకుండా మందు కొడతామని అంది. నేను అడిగిన మొదటి ప్రశ్న ఆ అడ్డం ఏమిటని కాదు. ఆ గొట్టం ఇంతకుముందు ఎవరి నోట్లో పెట్టారని. ఆమె నవ్వలేదు. చాలామంది నోట్లో పెట్టామని, ప్రతిసారీ మందులో శుద్ధి చేస్తామని చెప్పింది. ఎంత కడిగినా ఎంగిలి ఎంగిలే కదా అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన ఫోనులో వెతికి, ఒక్కసారి వాడి పడేసే గొట్టాలు కూడా ఉంటాయని కనిపెట్టాడు. మరుసటి వారం అదే కావాలని పట్టుబట్టాను. డాక్టరమ్మ రెండింటి సంగతీ విడమరిచి చెప్పింది.

"రెండూ మంచియే మేడం. ఒక్కసారి వాడేది మీ ముందటనే ప్యాకెట్ల నుంచి తీస్తం, పనైనంక పడేస్తం. ఇంకొకళ్ళ నుంచి మీకు అంటుతదన్న బుగులు లేదు. కాని మా దగ్గరున్నది సన్నది. చూసుడు వరకు సాలు. లోపల ఏదన్న పట్టుకొని తీయాలంటే, రక్తమస్తే గుంజాలంటే, మళ్ళ మళ్ళ వాడే పెద్దదే కావాలె. దాంట్ల బొమ్మ గూడ మంచిగ కనబడుతది. కాకపోతే దాన్ని ప్రతిసారి పద్ధతిగ కడగాలె. కడగకుంటే అది మంచిది కాదు. ఆ మాట గూడ నేనే చెప్తున్న."

చూడటం వరకే చాలు, కొత్తదే పెట్టండి అన్నాను.

పరీక్ష రోజు పరగడుపున వెళ్ళాను. గొంతులో అరటిపండు వాసన వచ్చే చేదు మందు కొట్టారు. కాసేపటికి నా గొంతు నాది కాకుండా పోయింది. మింగుతున్నానో లేదో తెలియదు. చేతికి ఇచ్చిన సూది మందుతో మత్తుగా ఉన్నా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గొట్టం దిగుతున్నప్పుడు నొప్పి లేదు గానీ, నీళ్ళలో మునిగిపోతున్న భయం. ఒక నర్సమ్మ నా బొటనవేలు పట్టుకుని, ముక్కుతో ఊపిరి తీసుకోమని చెవిలో చెబుతూనే ఉంది. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. ముఖం కూడా సరిగా చూడలేదు. ఆ వేలి పట్టు మాత్రం మరచిపోలేదు.

పావుగంటలో అయిపోయింది. నా ముందే ప్యాకెట్టు చింపి తీసిన ఆ కొత్త గొట్టం, దాని కొసన కెమెరాతో సహా, పసుపు సంచిలోకి వెళ్ళిపోయింది. నేత ఇంట్లో పుట్టినదాన్ని. పోగు తెగితే ముడేసుకునేవాళ్ళమే గానీ పారేసేవాళ్ళం కాదు. నా పట్టింపు కోసం అంత వస్తువు పావుగంట బతికి పోయిందా అనిపించింది. పోనీ, నా పని అయితే చాలనుకున్నాను.

పని కాలేదు. దారికి అడ్డంగా ఎర్రగా ఉబ్బిన కండ ఉందట. ముట్టుకోగానే రక్తం కారి, అంతా మసకబారిందట. సన్న గొట్టంతో అంతకంటే ముందుకు వెళ్ళడం మంచిది కాదని ఆపేశారు. లోపల కడిగి తీసిన నీళ్ళను పరీక్షకు పంపారు.

ఆ తర్వాతి వారం మా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడలేదు. లోపల వాపు ఉందని డాక్టరమ్మ చెప్పినట్టు మా ఆయన నాతో అన్నాడు. అమ్మతోనూ అదే అన్నాడు. నాలుగో రోజు కరెంటు బిల్లు కట్టడానికి ఆయన ఫోను తీస్తే, అంతకుముందు ఆయన వెతికిన మాటలు వరసగా కనిపించాయి. ఊపిరితిత్తిలో గడ్డ. గడ్డ లక్షణాలు. ఎన్నేళ్ళు. నేరుగా దుకాణానికి వెళ్ళాను. మొక్కజొన్న సంచుల మధ్య నిలబడి, నా ఊపిరితిత్తి సంగతి నాకంటే ముందు నీకెందుకు తెలియాలని అరవబోయాను. దగ్గు అరవనివ్వలేదు. ఆయన నన్ను పట్టుకుని సంచి మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే కూలబడ్డాడు.

"గడ్డ కావచ్చన్నది, కాకపోవచ్చు గూడ అన్నది. నీ ముంగట ఆ మాట నా నోట్ల నుంచి అస్తలేదు సరితా. పొద్దంత గిరాకీతోటి మాట్లాడుతున్న, ఇంటికచ్చి నీ మొఖం సూస్తే మాట పడిపోతున్నది" అన్నాడు.

పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. ఆ రోజు నుంచి ఏ కాగితమైనా ఇద్దరం కలిసే చదువుతామని ఒప్పందం చేసుకున్నాం. చిత్రంగా, ఆ సాయంత్రమే కొంచెం అన్నం సయించింది.

ఫిబ్రవరి

నీళ్ళ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. చెడ్డ కణాలు కూడా కనబడలేదు. కానీ అవి లేవని చెప్పడానికి ఆ నీళ్ళు చాలవన్నారు. పెద్ద గొట్టంతో ఆ కండ ముక్క తీసి చూడాలి. అంటే అందరి నోళ్ళలోకి వెళ్ళొచ్చిన గొట్టమే. నేను రెండు రోజులు అటూ ఇటూ కాకుండా ఉన్నాను. హైదరాబాదు వెళ్దామా, అక్కడ ఒక్కసారి వాడేవే లావువి దొరుకుతాయేమో అని మా ఆయన అడిగాడు. వెళ్దామనుకున్నాను. బియ్యం ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టింది.

"నువ్వు పుట్టినప్పుడు నాకు పాలు రాలే. పక్కింటి రాజవ్వ తన పిల్లగానితోటి నీకు గూడ పాలిచ్చింది. రెండు నెలలు. గప్పుడు ఎంగిలని ఎవలన్న అంటే నువ్వు బతుకుతుంటివా బిడ్డా?"

నాకు ఆ సంగతి అంతవరకు ఎవరూ చెప్పలేదు. రాజవ్వ చేతి నీళ్ళ గ్లాసు కూడా నేను ముట్టుకునేదాన్ని కాదు. జగిత్యాలకు ఫోను చేశాను. పెద్ద గొట్టానికి ఒప్పుకుంటాను గానీ, దాన్ని ఎలా కడుగుతారో ఒకసారి చూపించమని అడిగాను. ఇలా ఎవరూ అడగలేదని, అయినా రమ్మని డాక్టరమ్మ అంది.

అలా పద్మక్కను కలిశాను. బుగ్గారం ఆమెది. యాభైకి దగ్గరగా ఉంటుంది. పొట్టి మనిషి, మోచేతుల దాకా చేతి తొడుగులు, మెడ నుంచి మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ ముసుగు. వరండా చివర ఒక చిన్న గదిలో రెండు తొట్ల మధ్య ఆమె రాజ్యం. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలికి మాత్రం రావద్దంది. అప్పుడే ఒక పరీక్షలోంచి వచ్చిన గొట్టం ఆమె చేతిలో ఉంది.

"గిది బయటికచ్చిన గడియనే కడగాలె టీచరమ్మా. ఎండితే లోపల పట్టుకుంటది, మళ్ళ ఎంత గీకినా పోదు" అంటూ మొదలుపెట్టింది.

ముందు గొట్టంలోకి గాలి కొట్టి నీళ్ళలో ముంచింది. సైకిల్ ట్యూబు పంచరు వెతికినట్టు మొత్తం పొడవునా వంచి వంచి చూసింది. ఎక్కడన్నా బుడగ వస్తే లోపలి పొర చిరిగిందని అర్థమట. ఆ చిరుగులోకి మురికి చేరితే ఏ మందూ దాన్ని తీయలేదట. బుడగ లేదని నమ్మకం కుదిరాక సబ్బు నీళ్ళలో పెట్టి, గొట్టం లోపలి సన్న దారిలోకి పొడవాటి బ్రష్షు దూర్చి ఈ కొసన పెట్టి ఆ కొసన తీసింది. బ్రష్షు శుభ్రంగా బయటికి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అదే పని. తర్వాత ఘాటైన మందులో పూర్తిగా ముంచి గడియారం తిప్పి పెట్టింది. అది మోగేదాకా ఎవరు పిలిచినా తీయదట. ఆ పైన శుభ్రమైన నీళ్ళు, ఆ పైన గాలి, చివరికి అల్మారాలో నిటారుగా వేలాడదీయడం. చుట్ట చుడితే లోపల తడి నిలుస్తుందట. ఏ గొట్టాన్ని ఏ వేళకు ఎవరు కడిగారో పుస్తకంలో రాసి సంతకం పెట్టింది.

నేను గంటన్నర నిలబడే చూశాను. ఎంగిలి గురించి నేను పిల్లలకు చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆమె చేసిన దాంట్లో పావు వంతు కావు. చివరికి ఒక్కటే అడిగాను. నీకైతే పెట్టించుకుంటావా అని.

"మా అమ్మకు నిరుడు గిదే పెట్టిండ్రు. నేనే కడిగిచ్చిన" అంది.

మరుసటి సోమవారం పరీక్ష. మళ్ళీ పరగడుపు, మళ్ళీ అదే వరండా. గొంతులో మందు కొట్టడానికి ముందు నన్ను తలుపు పక్కన మంచం మీద పడుకోబెట్టారు. లోపలి గదిలోంచి పద్మక్క గొంతు వినిపించింది. ఇయ్యాల ఈ గొట్టం ఇవ్వనంటోంది. నీళ్ళలో బుడగ వచ్చిందట. ఇద్దరు పేషెంట్లు పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉన్నారని, ఒక్క చిన్న బుడగేనా అని డాక్టరమ్మ అడిగింది.

"చిన్నదే మేడం. చిన్నదైనా బుడగనే. నేనియ్య" అంది పద్మక్క.

డాక్టరమ్మ బయటికొచ్చి, దాచకుండా అంతా చెప్పి, ముక్క తీయడానికి పనికొచ్చే పెద్ద గొట్టం అదొక్కటేనని, దాన్ని బాగుచేయించాలని, పది రోజులు ఆగాలని అంది. మా ఆయనకు కోపం వచ్చింది. పది రోజులంటే మాటలా, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని గట్టిగా మాట్లాడాడు. ఆయన తప్పు లేదు. నాకు మాత్రం కోపం రాలేదు. గుండె మీది నుంచి ఏదో దిగినట్టయింది. ప్యాకెట్టు చింపి తీసిన గొట్టాన్ని నమ్మడానికి మనిషితో పని లేదు. కడిగి వాడే గొట్టాన్ని నమ్మాలంటే దాన్ని కడిగే మనిషిని నమ్మాలి. ఆ మనిషి వద్దనగలదని నా చెవులతో విన్నాను.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాను. పద్మక్క ముఖం చిన్నబోయి ఉంది. ఉపాసం ఉంచినందుకు ఏమీ అనుకోవద్దంది.

"నీ చేతుల మీదికెళ్ళి వచ్చిన గొట్టమే నాకు కావాలె పద్మక్కా. పది రోజులు కాకుంటే ఇరవై రోజులు ఆగుత" అన్నాను.

శివరాత్రి తర్వాత

పది రోజులకు ఫోను ఆసుపత్రి నుంచి కాదు, పద్మక్క సొంత నంబరు నుంచి వచ్చింది. గొట్టం బాగై వచ్చిందని, మూడుసార్లు ముంచి చూశానని, రేపు పొద్దున ఏమీ తినకుండా రమ్మని చెప్పింది.

ఈసారి భయం ఉంది గానీ అసహ్యం లేదు. రెండింటి బరువు కలిసి ఉన్నప్పుడు తెలియదు, ఒకటి పోతే మిగిలింది ఎంత తేలికో అప్పుడు తెలుస్తుంది. అరటిపండు వాసన, మొద్దుబారిన గొంతు, మత్తు. డాక్టరమ్మ తెర మీద చూస్తూ మెల్లగా మాట్లాడుతోంది. కండ కనబడుతోందని, రక్తం గుంజమని, ఇంకొంచెం లోపలికని. తర్వాత మాట ఆగిపోయింది. పట్టకారు దేనికో తగిలిందట. కండైతే మెత్తగా ఉండాలి. ఇది రాయిలా ఉందట. "ఇదేంది" అన్న ఒక్క మాట వినిపించింది. నాన్న ముఖం, అమ్మ చేట, మొక్కజొన్న సంచులు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు నవ్వు వినిపించింది. ముందు డాక్టరమ్మ, తర్వాత నర్సమ్మ, ఆ తర్వాత గదిలో ఉన్నవాళ్ళంతా. గొట్టం బయటికి తీసి, నన్ను లేపి కూర్చోబెట్టి, స్టీలు గిన్నె ముఖం ముందు పెట్టారు. అందులో నల్లగా, చిటికెన వేలి గోరంత, ఒక గింజ.

"మేడం, సీతాఫలం ఎప్పుడు తిన్నరు?" అంది డాక్టరమ్మ.

గొంతు మొద్దుబారి మాట రాలేదు గానీ కళ్ళ ముందు మైదానం వచ్చింది. అక్టోబరు చివర. పిల్లలు గుట్ట మీది నుంచి గంపెడు సీతాఫలాలు తెచ్చారు. ఆట అయ్యాక అందరం గడ్డిలో కూర్చుని తింటుంటే, మౌనిక లేచి హెడ్‌మాస్టరు సారు నడక నడిచి చూపించింది. నోటి నిండా పండుతో నేను పగలబడి నవ్వాను. పొలమారింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా దగ్గాను. ఎవరో వీపు మీద చరిచారు. నీళ్ళు తాగాను. మళ్ళీ పండు తిన్నాను. ఆ రోజు దిగబడిన గింజ, తన చుట్టూ కండ పెంచుకుని, దాని మాటున పడుకుని నాలుగు నెలలు నాతో కాపురం చేసింది. ఇలాంటి గింజలు ఎక్స్‌రేలో చాలావరకు కనబడవట.

వరండాలో ఉన్న అమ్మకూ మా ఆయనకూ గిన్నె చూపించారు. అమ్మ ముందు అర్థం కాక అటూ ఇటూ చూసి, అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ ఏడ్చింది. చిన్నప్పుడు గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని నన్ను బెదిరించేదట. ఊపిరిలో మొలుస్తుందని తనకేం తెలుసునని డాక్టరమ్మతో చెప్పుకుంది. మా ఆయన గిన్నెను వెలుతురులో పెట్టి, దుకాణంలో రైతులకు చూపించే పద్ధతిలో ఆ గింజను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇరవై ఏండ్ల సంది విత్తనాలమ్ముతున్న. గింత గోస పెట్టిన గింజను సూడలే" అన్నాడు.

వరండాలో బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి వచ్చి చూశారు. ఎవరెవరో నా చేతులు పట్టుకున్నారు. దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ. ఆ రోజు ఆ ఆసుపత్రిలో అందరికీ తగ్గినట్టే ఉంది. పద్మక్క మాత్రం తలుపు సందులోంచి ఒకసారి తొంగిచూసి, తల ఊపి, గొట్టం ఎండకముందే కడగాలని వెళ్ళిపోయింది.

కండ ముక్క పరీక్ష వారానికి వచ్చింది. వట్టి వాపే. ఆ కాగితం ఇద్దరం కలిసే చదివాం.

మార్చి

స్కూలుకు వెళ్ళిన రోజు పిల్లలు మైదానంలో గీతలు గీసి సిద్ధంగా ఉన్నారు. వద్దు మేడం అంటూనే నన్ను గీత దగ్గరికి తోశారు. నెమ్మదిగా కూతకు వెళ్ళాను. నాలుగో అడుగు దాటింది, ఐదో అడుగు దాటింది, అవతలి గీత తాకాను. తిరిగొచ్చేటప్పుడు మౌనిక నా కాళ్ళు పట్టుకుని పడేసింది. జాలిపడి వదిలేయనందుకు ఆ పిల్లను ముద్దుపెట్టుకున్నాను. స్టాఫ్ రూంలో డబ్బాలు మళ్ళీ దగ్గరికొచ్చాయి. ఒక టీచర్ తాను తింటున్న చెంచాతోనే పప్పు తీసి నా అన్నంలో వేస్తే తిన్నాను. ఆ ఆదివారం సిరిసిల్ల వెళ్ళి రాజవ్వ ఇంట్లో ఆమె గ్లాసుతోనే చాయ తాగి వచ్చాను. ఎందుకొచ్చానో ఆమెకు చెప్పలేదు.

ఎవరికన్నా చెప్పాల్సి వస్తే నేను చెప్పేది ఇంతే. దగ్గు వారాల తరబడి పోకపోతే కషాయంతో కాలం గడపకండి. ఎప్పుడన్నా తింటూ పొలమారిందేమో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి, నేను చెప్పి ఉంటే నెలలు కలిసొచ్చేవి. ఒక్కసారి వాడే గొట్టం తక్కువదేమీ కాదు. నేను అక్కడున్న రోజునే ఐసీయూలో ఊపిరితిత్తి నిండా పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్న ఒకాయనకు అదే వాడారు, అలాంటి చోట అదే సరైనదని డాక్టరమ్మ అంది. నాకు పనికొచ్చింది మాత్రం రెండోది. మీకు ఏది కావాలో డాక్టరునే అడగండి. కడిగి వాడేదైతే ఎవరు కడుగుతారో కూడా అడగండి. సిగ్గుపడకండి. సీతాఫలం నేను ఇప్పటికీ తింటాను. తినేటప్పుడు నవ్వించవద్దని పిల్లలకు ముందే చెబుతున్నాను.

పోయిన వారం చివరిసారి చూపించుకోవడానికి జగిత్యాల వెళ్ళాను. వరండాలో తంగళ్ళపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కూతురితో గట్టిగా వాదిస్తున్నాడు. జీవితమంతా సాంచాల మీద పనిచేసినవాడట. ఎవరెవరి నోట్లోనో పెట్టింది తన నోట్లో పెట్టనివ్వనంటున్నాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను పక్కకు వెళ్ళి కూర్చుని నా కథ చెప్పాను. గింజ దగ్గర ఆయన నవ్వాడు గానీ మెత్తబడలేదు. చివరికి, ఆ కడిగే ఆమెను తనకూ చూపించమన్నాడు.

వరండా చివరకు తీసుకెళ్ళాను. పద్మక్క మందు తొట్టి ముందు గడియారం వైపు చూస్తూ నిలబడి ఉంది. తిరిగి చూసింది గానీ కదల్లేదు. పెద్దాయన గుమ్మం పట్టుకుని ఆమెను, తొట్లను, అల్మారాలో వేలాడుతున్న గొట్టాలను తీరిగ్గా చూశాడు. బ్రష్షు గురించి గానీ మందు గురించి గానీ ఒక్క మాట అడగలేదు.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"బుగ్గారం పెద్దనాయినా."

"బుగ్గారంల ఎవల బిడ్డవు?"

"గౌడోళ్ళ పిల్లను. మా నాయిన కల్లు గీయ తాటిచెట్లెక్కేటోడు. డెబ్బై ఏండ్లదాక ఎక్కిండు."

"ఒక్కపారన్న పడ్డడా?"

"పడలే. పొద్దుగాల నడుముకు కట్టే మోకు గుంజి గుంజి సూడంది చెట్టు ముట్టకపోయేటోడు."

గడియారం మోగింది. పద్మక్క అటు తిరిగి గొట్టాన్ని మందులోంచి పైకి తీసింది. ఆయన భుజం మీది తువ్వాల తీసి మడిచి కూతురి చేతిలో పెట్టి, నర్సమ్మ పిలవకముందే పరీక్ష గది వైపు నడిచాడు.